రిపోర్టులన్నీ నార్మల్... మరి ఈ నొప్పి ఎక్కడిది?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఇల్లు చీపురుపల్లిలో, ఆఫీసు విజయనగరంలో, రోజూ బస్సే. పైఆఫీసర్లతో మీటింగ్ ఉందంటే చాలు, తెల్లారేసరికి పేగులు మెలిపెట్టేసినట్టు నొప్పి, రెండు మూడుసార్లు బాత్రూమ్‌కి పరుగు. ఏడాదిగా ఇదే వరస. స్కానింగ్, కొలనోస్కోపీ అన్నీ నార్మల్. డాక్టరు ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ కనపడకపోయినా కడుపునొప్పి, విరేచనాల తేడా వస్తూ ఉండే పేగు సమస్య) అన్నారు. మా అత్తగారేమో లేని నొప్పి ఊహించుకుంటున్నానంటారు, అంతా టెన్షనేనట. నిజమేనా?
— ఒక సోదరి

జవాబు: లేదమ్మా, ఊహ కాదు. టెన్షన్ సంగతి మీ అత్తగారు సరిగ్గానే పట్టారు, 'లేని నొప్పి' అన్నదే తప్పు.

స్కానింగ్, కొలనోస్కోపీల్లో పుండో గడ్డో ఉంటే కనపడుతుంది గానీ, పేగు ఎంత సున్నితంగా ఉందో కనపడదు. 1973లో అచ్చయిన ఒక పరిశోధనలో పెద్దపేగు చివర చిన్న బెలూన్ పెట్టి 60 మిల్లీలీటర్ల దాకా ఉబ్బిస్తే, ఐబీఎస్ ఉన్నవాళ్లలో నూటికి 55 మందికి నొప్పి వచ్చింది, లేనివాళ్లలో ఆరుగురికే. బెలూన్ అదే, ఉబ్బూ అంతే! 2003లో ఇంకో ప్రయోగంలో ఒకేసారి రెండు రకాల సంగీతం వినిపించి చికాకు పెడితే, ఐబీఎస్ ఉన్నవాళ్లకి అదే ఉబ్బు ఇంకా ఎక్కువ బాధగా తోచింది, మిగతావాళ్లకి పెద్ద తేడా లేదు.

పైడితల్లమ్మ పండక్కి కట్టిన మైకులో సౌండు పెంచి వదిలేస్తే ఎవరో దగ్గినా వీధంతా వినపడుతుంది చూడండి, అలాగన్నమాట. మీ కడుపులో గ్యాస్ అందరికీ ఉన్నంతే ఉండొచ్చు, కబురు మాత్రం మెదడుకి పెద్దగా చేరుతోంది. పైగా టెన్షన్‌లో మెదడు విడుదల చేసే హార్మోన్ పెద్దపేగు కదలికని కూడా పెంచుతుంది, అందుకే ఆ పరుగు. ఇక బస్సులో బాత్రూమ్ ఉండదన్న భయం తోడైతే చెప్పక్కర్లేదు.

మీటింగ్ రోజు ఓ అరగంట ముందే లేవండి, హడావుడి తగ్గుతుంది. పొట్ట పైకి లేచేలా నిదానంగా పది నిమిషాలు ఊపిరి తీసి వదలండి. ఖాళీ కడుపున టీ మీద టీ వద్దు. డాక్టరు రాత్రిపూట అమిట్రిప్టిలీన్ చిన్న డోసులో రాస్తే, డిప్రెషన్ మందు నాకెందుకని చీటీ మడిచి దాచేయకండి (చాలామంది చేసే పనే ఇది). పేగు నుంచి మెదడుకి వెళ్లే నొప్పి కబుర్లని తగ్గించడానికే అది ఇస్తారు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేసే విరేచనాలు, రక్తహీనత... వీటిలో ఏది కనపడినా ఐబీఎస్సే కదా అని ఊరుకోకుండా మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.