జార్జి పాట పెట్టాలంటే ఏ పాట తీస్తావు?

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. నలుగురు సభ్యుల బ్రిటిష్ బ్యాండు బీటిల్స్‌లో గిటారు వాయించి, కొన్ని పాటలూ రాసిన జార్జి హారిసన్ మీద అభిమానం ప్రతి పేరాలో పొంగుతోంది. లెక్క మాత్రం ఎక్కడా కనబడలేదు. "లెనన్, మెకార్ట్నీ కలిసి అతణ్ని తొక్కేశారు" అని, ఆ బ్యాండుకు ఎక్కువ పాటలు రాసిన ఇద్దరి గురించి మూడుచోట్ల రాశావు. తొక్కారో లేదో తర్వాత తేల్చుకుందాం. ఏ ఏడాది, ఏ రికార్డు మీద, ఏ పాట బదులు ఏ పాట వేశారన్నది ముందు చెప్పు. ఒక పాట ఉండాల్సిందని రాసిన ప్రతిచోటా, దాని కోసం ఏది తీసేస్తావో ఆ పక్కనే రాయాలి. ఎల్పీలో (రెండు వైపులా పాటలుండే పెద్ద రికార్డు) జాగా కొలిచి ఇచ్చినంతే. బస్సు సీటు లాంటిది, ఒకరు లేస్తేనే ఇంకొకరు కూర్చుంటారు.

వ్యాసం పక్కన పెట్టి ఒక పట్టిక గీయి. పాట పేరు, రాసిన కాలం, రికార్డు చేసిన తేదీ, నిడివి, ఏ వైపు ఎన్నో స్థానం, విడుదల తేదీ అని ఆరు గడులు చాలు. బీటిల్స్ పేరుతో 1970 వరకు విడుదలైన పాటల్లో జార్జి ఒక్కడి పేరున ఉన్నవి 22. నలుగురి పేర్లూ కలిపి వేసినవి ఇందులో కలపకు. రాసిన కాలానికీ రికార్డు చేసిన తేదీకీ వేరువేరు గడులు ఎందుకంటావేమో. ఈ చర్చలో సగం తప్పులు ఆ రెంటినీ ఒకటి చేసేయడం వల్లే పుడుతున్నాయి.

పట్టిక వేస్తే మొదట కంటికి తగిలేది 1964. నవంబర్ 1963లో వచ్చిన 'విత్ ద బీటిల్స్' మీద జార్జి మొదటి పాట 'డోంట్ బాదర్ మీ' ఉంది. ఆ మరుసటి ఏడాది రెండు ఎల్పీల మీదా సున్నా. 'ఎ హార్డ్ డేస్ నైట్' మీది 13 పాటలూ లెనన్-మెకార్ట్నీవే, కాబట్టి అక్కడ పోటీ పడి ఓడిపోయాడని అనుకోవచ్చు. అదే ఏడాది డిసెంబర్లో వచ్చిన 'బీటిల్స్ ఫర్ సేల్' సంగతి వేరు. అందులో 14 పాటలుంటే 8 మాత్రమే వాళ్లిద్దరివి. మిగిలిన 6 బయటివాళ్ల పాటలు. అప్పటికే జార్జి చేతిలో 'యూ నో వాట్ టు డూ' అనే పాట ఉంది, 1964 జూన్ 3న దాన్ని నమూనాగా రికార్డు చేశారు కూడా. అది 1995లో 'ఆంథాలజీ 1' వచ్చేదాకా వెలుగు చూడలేదు. నీ వాదనకు ఇంతకన్నా గట్టి ఆధారం ఇంకొకటి లేదు. సొంత మనిషి పాటను పక్కన పెట్టి 'మిస్టర్ మూన్‌లైట్' లాంటి అరువు పాట వేసుకున్నారు. నీ వ్యాసంలో 1964 ఊసే లేదు!

ఆ నమూనా విని రాయి సుమా. పాట సాదాసీదాగా ఉంటుంది. సాదా పాటే అని ఒప్పుకుని, 'మిస్టర్ మూన్‌లైట్' కన్నా తీసిపోదని అంటే చదివేవాడు నమ్ముతాడు. కళాఖండాన్ని తొక్కిపెట్టారు అంటే పాట విన్న మరుక్షణం నీ మీద నమ్మకం పోతుంది.

నువ్వు ఏ దేశపు రికార్డు గురించి మాట్లాడుతున్నావో చెప్పకపోవడం రెండో లోపం. ఇప్పుడు ఫోన్లో వినబడే వరుస దాదాపు అంతా బ్రిటిష్ ఎల్పీలది. 1987లో సీడీలు వేసినప్పుడు ఆ వరుసనే ఖాయం చేశారు. అరవైల్లో అమెరికాలో కేపిటల్ కంపెనీ పాటలు తగ్గించి, వరుస మార్చి, మిగిల్చిన వాటితో ఇంకో ఎల్పీ వేసి అమ్ముకునేది. 'రివాల్వర్' బ్రిటన్లో 14 పాటలు, అమెరికాలో 11. తీసేసిన మూడూ లెనన్ పాటలే. వాటిని అంతకుముందే 'యెస్టర్డే అండ్ టుడే' మీద వాడేసుకున్నారు. దాంతో అమెరికా 'రివాల్వర్' మీద జార్జివి మూడు, లెనన్‌వి రెండు! అక్కడ ఆ ఎల్పీతో పెరిగినవాడికి జార్జి 'చిన్న రచయిత' ఎలా అవుతాడు? 'రబ్బర్ సోల్' దగ్గర కథ తిరగబడుతుంది. అమెరికా ప్రతిలో జార్జి రాసిన 'ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్' లేనే లేదు. డాలస్‌లో ఉన్న మనవాడూ లండన్‌లో ఉన్న మనవాడూ ఈ విషయమై కొట్టుకుంటుంటే ముందు ఎవరి ఇంట్లో ఏ ఎల్పీ ఉందో అడగాలి.

పాటలు లెక్కపెడితే సరిపోదు, నిమిషాలు కూడా కూడాలి. 'సార్జంట్ పెప్పర్' మీద 13 పాటల్లో జార్జిది ఒక్కటే. దీన్ని అన్యాయం అని రాశావు. కానీ ఆ ఒక్కటి, 'వితిన్ యూ వితౌట్ యూ', 5 నిమిషాలు దాటుతుంది. మొత్తం ఎల్పీ 40 నిమిషాల లోపే. పాటల లెక్కలో అతని వాటా వందకు ఎనిమిది కూడా లేదు, నిమిషాల లెక్కలో పన్నెండు దాటింది. 'ఎ డే ఇన్ ద లైఫ్' తర్వాత అన్నిట్లోకీ పొడవైనది అదే. పైగా రెండో వైపు మొదటి స్థానం ఇచ్చారు.

దాని వెనక ఇంకో సంగతుంది. జార్జి ఆ ఎల్పీకి ముందు ఇచ్చింది 'ఓన్లీ ఎ నార్తర్న్ సాంగ్', 1967 ఫిబ్రవరిలో రికార్డయింది. నిర్మాత మార్టిన్‌కు అది నచ్చలేదు, పక్కన పెట్టారు. (ఆయనా జార్జే కాబట్టి వ్యాసంలో మార్టిన్ అనే రాయి, లేకపోతే ఎవరు ఎవరో తెలియదు.) మార్చిలో జార్జి 'వితిన్ యూ' తెచ్చాడు. అంటే కాదన్న పాట స్థానంలో అంతకన్నా పెద్ద పాట వచ్చింది. తొక్కేశారు అన్న నీ వాక్యం ఈ రెండు నెలల్ని తట్టుకోలేదు.

ఆ పాట గురించి నువ్వు రాసింది "భారతీయ సంగీత ప్రభావం గల పాట" అని నాలుగు ముక్కలు. ఆ మాట ఎవరైనా రాస్తారు. తెలుగులో రాస్తున్నావు, మన చెవితో విను. మధ్యలో దిల్రుబా (కమానుతో వాయించే ఉత్తరాది వాద్యం), పాశ్చాత్య తీగవాద్యాలు ఒకరికొకరు జవాబిచ్చుకునే చోట తాళం మారుతుంది. చేత్తో వేసి చూడు, అయిదు అక్షరాల నడక పడుతుంది. హిందుస్తానీ వాళ్లు ఝప్‌తాల్ అంటారు, మనకైతే ఖండచాపు దగ్గరగా తోస్తుంది. స్వరాల్లో ఖమాజ్ ఛాయ ఉంది, కర్ణాటక చెవికి హరికాంభోజి స్వరాలు. రవిశంకర్ ఆకాశవాణి కోసం చేసిన ఒక రచన ఆధారమని జార్జే చెప్పాడు. మిగతా ముగ్గురూ అందులో వాయించలేదు. వాయించింది లండన్‌లోని భారతీయ కళాకారులు, మార్టిన్ పిలిపించిన వయొలిన్, చెల్లో వాద్యకారులు. ఒక్క పేరా ఇలా రాస్తే "ప్రభావం" అన్న మాట అవసరమే రాదు.

ఇక అందరూ వాదించుకునే వైట్ ఆల్బం. నవంబర్ 1968, రెండు ఎల్పీలు, 30 పాటలు, సుమారు 93 నిమిషాలు. జార్జివి నాలుగు, ఒక్కో వైపుకు ఒక్కొక్కటి. 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్' 4:45, 'పిగ్గీస్' 2:04, 'లాంగ్, లాంగ్, లాంగ్' 3:04, 'సవోయ్ ట్రఫుల్' 2:54. కూడితే 12:47. ఇప్పుడు నాలుగో వైపున్న 'రెవల్యూషన్ 9' చూడు, ఒక్కటే 8:22. జార్జి పాటల్లో చిన్నవి మూడూ కలిపితే 8:02. అంటే లెనన్ శబ్దాల ముక్క ఒక్కటి ఉన్న చోట జార్జి పాటలు మూడు పట్టి ఇంకా 20 సెకన్లు మిగులుతాయి. ఈ ఒక్క తీసివేత నీ వ్యాసంలో ఉంటే "వివక్ష" అన్న మాట నువ్వు రాయక్కర్లేదు, చదివేవాడే అనుకుంటాడు. నా మటుకు నేను 'రెవల్యూషన్ 9' ఉంచే పక్షమే. అది వేరే గొడవ.

ఒక్క ఎల్పీకి కుదించి ఉంటే బాగుండేదన్నది మార్టిన్ అభిప్రాయం. ఆ ఆట అందరూ ఆడతారు, దాదాపు అందరూ ఒకేచోట తప్పుతారు. పద్నాలుగో పదిహేనో పాటలు ఏరి జాబితా వేస్తారు గానీ నిడివి కూడరు. కూడితే 45 నిమిషాలు దాటిపోవచ్చు. ఎల్పీ ఒక వైపు 22 నిమిషాలు హాయిగా పడుతుంది. ఆపైన రికార్డు మీద సూది నడిచే గాళ్లు దగ్గర దగ్గరగా కొయ్యాలి, అందుకు శబ్దం స్థాయి, ముఖ్యంగా బేస్, తగ్గించాలి. లోపలి గాళ్ల దగ్గరికి వచ్చేసరికి మోత మసకబారుతుంది. కాబట్టి నీ హద్దు 44 నిమిషాలు. అందులో 'వైల్ మై గిటార్', 'లాంగ్, లాంగ్, లాంగ్' ఉంచితే 7:49 పోయింది, మిగిలిన 36 నిమిషాల్లో తక్కిన ముగ్గురినీ సర్దు. అప్పుడు తెలుస్తుంది మార్టిన్ కష్టం. వరుస కూడా చూసుకో. అసలు ఎల్పీలో 'హెల్టర్ స్కెల్టర్' గోల ముగిశాక, మూడో వైపు చివర, గుసగుసలాంటి 'లాంగ్, లాంగ్, లాంగ్' వస్తుంది. లోపలి గాళ్లకు నెమ్మది పాట బాగా ఒదుగుతుంది. ఒదిగిందని రాయి. అందుకోసమే అక్కడ పెట్టారని మాత్రం రాయకు, ఆ మాటకు ఆధారం కావాలి.

అదే ఏడాది వదిలేసిన 'నాట్ గిల్టీ' గురించి "వందసార్లు వాయించి పారేశారు" అన్నావు. టేకు సంఖ్య వంద దాటిన మాట నిజం. అయితే టేకు అంటే పాట మొత్తం వాయించడం కాదు. మధ్యలో ఆగిపోయినదానికీ ఒక నంబరు పడుతుంది. టేపు మీద ట్రాకులు నిండిపోతే ఉన్నవాటిని కలిపి ఇంకో టేపు మీదికి దింపుతారు, దానికీ కొత్త నంబరు పడుతుంది. చివరిదైన 102 అలాంటిదే. ఇంకో చిక్కేమిటంటే, జార్జి పాటలకు టైమే ఇవ్వలేదని పై పేరాలో రాసి, కింద పేరాలో వంద టేకులు అంటున్నావు. ఈ రెండూ ఒక వ్యాసంలో ఇమడవు. టైము ఇచ్చారు, అయినా చివరి జాబితాలో చోటివ్వలేదు. అదే రాయి. అతను ఊరికే కూర్చోలేదు కూడా. 'సోర్ మిల్క్ సీ' అనే పాటను గాయకుడు జాకీ లోమాక్స్‌కు ఇచ్చేశాడు, బీటిల్స్ సొంత కంపెనీ ఆపిల్ దాన్ని సింగిల్‌గా (వైపుకొక పాట ఉండే చిన్న రికార్డు) ఆ ఏడాదే వేసింది.

"వైట్ ఆల్బంలో 'సమ్‌థింగ్' వేయాల్సింది" అన్న వాక్యం కొట్టేయి. ఆ సెషన్ల చివర్లో అది మొదలయిందంతే, పూర్తి కాలేదు. 1969 ఫిబ్రవరి 25న, తన 26వ పుట్టినరోజున, జార్జి ఒంటరిగా స్టూడియోకు వెళ్లి దాని నమూనా చేశాడు. 'ఓల్డ్ బ్రౌన్ షూ', 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' కూడా ఆ రోజువే. పట్టికలో రాసిన కాలానికి గడి పెట్టమన్నది ఇందుకే.

1970 నవంబర్ నాటి మూడు ఎల్పీల పెట్టె 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' మొత్తం బీటిల్స్ కాదన్న పాటలే అని రాశావు. ఈ తప్పు నీ ఒక్కడిదే కాదు. 'ఇజంట్ ఇట్ ఎ పిటీ', 'ఆర్ట్ ఆఫ్ డయింగ్' 1966 నాటివి, అవి నిజంగా ఎదురుచూసినవే. పేరుపాట, 'లెట్ ఇట్ డౌన్', 'హియర్ మీ లార్డ్' 1969 జనవరిలో మిగతావాళ్లకు వినిపించాడు. 'వా-వా' జనవరి 10న అతను బ్యాండు వదిలి వచ్చేసిన రోజు రాసినది. తమను వదిలి వచ్చి రాసిన పాటను వాళ్లు కాదనడం ఎలా? 'మై స్వీట్ లార్డ్' 1969 డిసెంబర్‌లో పుట్టింది, అప్పటికి 'ఆబే రోడ్' కూడా బజార్లో ఉంది. చివరి ఎల్పీ నిండా ఉన్నవి పాటలు కావు, జామ్‌లు, అంటే అప్పటికప్పుడు కలిసి వాయించుకున్నవి. ఇలా వేరుచేస్తే కాదన్న పాటల జాబితా కురచవుతుంది గానీ గట్టిపడుతుంది.

డబ్బు సంగతి నీ వ్యాసంలో అసలే లేదు. సింగిల్ అమ్ముడైతే వెనకవైపు పాట రాసినవాడికీ ముందువైపు పాటకు వచ్చినంతే ప్రచురణ రాయల్టీ వస్తుంది. అందుకే బొంబాయిలో వాద్యాలు రికార్డు చేసుకొచ్చిన 'ది ఇన్నర్ లైట్' 1968లో 'లేడీ మడోనా' వెనక రావడం చిన్న విషయం కాదు, సింగిల్ మీద జార్జి పాట రావడం అదే మొదలు. ఇక వాళ్ల పాటలు ప్రచురించే నార్తర్న్ సాంగ్స్ కంపెనీ 1965లో షేర్లు అమ్మినప్పుడు లెనన్, మెకార్ట్నీలకు చెరి 15 శాతం దక్కింది. జార్జికి, డ్రమ్స్ వాయించే రింగోకు చెరి ఒక్క శాతం కూడా రాలేదు. 'ఓన్లీ ఎ నార్తర్న్ సాంగ్' పేరులో ఉన్న విసురు ఆ కంపెనీ మీదే. పక్కనపెట్టిన ఆ పాటే 1969లో 'యెల్లో సబ్‌మెరీన్' సినిమా ఎల్పీ మీద తేలింది. అక్కడ కొత్త పాటలు నాలుగైతే రెండు జార్జివి. సగం వాటా! కానీ ఆ సినిమాకు వాళ్లు ఇచ్చినవి మిగులు పాటలు. ఇలాంటి చోట శాతం చూసి మురిసిపోకు.

వాటాల గురించి వాళ్లు బాహాటంగా మాట్లాడుకున్నది 1969 సెప్టెంబర్‌లో. టేపు చేసిన ఒక సమావేశంలో, రాబోయే ఎల్పీకి తనకు, పాల్ మెకార్ట్నీకి, జార్జికి తలా నాలుగు పాటలు, కావాలంటే రింగోకు రెండు అని లెనన్ ప్రతిపాదించాడు. ఆ ఎల్పీ రాలేదు. నీ వ్యాసం ఇక్కడ మొదలుపెడితే ఎలా ఉంటుందో ఆలోచించు. ఇప్పుడున్న మొదటి పేరాలో "నిశ్శబ్ద బీటిల్" అన్న జార్జి పాత బిరుదు తప్ప ఏమీ లేదు, పోయినా బాధ లేదు.

ముందు పట్టిక పంపు, 22 వరుసలూ నిండాలి. నిడివులు మోనో ప్రతివో స్టీరియో ప్రతివో పైన రాయి, కొన్నిట్లో తేడా ఉంటుంది. వ్యాసం తర్వాత చూద్దాం.

ఉంటాను.