‘మనిషి మెదడు’ అని రాసే ముందు

చిరంజీవి శ్రావణికి,

మెదడు పైపొర కార్టెక్స్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది, దానికి వంక పెట్టను. నా పేచీ అంతా ‘మనిషి మెదడు ఇలా ఉంటుంది’ అన్న నీ ధీమాతోనే. ఎవరి మెదడమ్మా?

1988లో తలైరాక్, టూర్నూ ప్రచురించిన మెదడు పటాల పుస్తకం (అట్లాస్) స్కానింగ్ పరిశోధకులకు ఏళ్ల తరబడి కొలబద్ద. దానికి ఆధారం చనిపోయిన ఒక అరవయ్యేళ్ల స్త్రీ మెదడు. ఒకే ఒక్కటి! తర్వాత 152 మంది స్కాన్ల సగటు వాడుకలోకి వచ్చింది. దాని తొలి రూపాన్ని చూస్తే పెద్ద గాడులు తెలుస్తాయి కానీ చిన్న మడతలు అలుక్కుపోయి ఉంటాయి. ఏ ఇద్దరిలోనూ అవి సరిగ్గా ఒకే చోట పడవు మరి.

తేడాలున్నాయని ఊరికే అంటే పాఠకుడు నమ్మడు, చూపించాలి. రెండు అర్ధగోళాలు ఎదురెదురుగా ఉండే లోపలి గోడ మీద సింగ్యులేట్ గాడి ఉంటుంది. కొందరికి దాని పైనే సమాంతరంగా ఇంకో గాడి నడుస్తుంది, పారాసింగ్యులేట్ అంటారు. కొందరికి అసలుండదు. ఉన్నవాళ్లలోనూ ఎడమవైపు ఎక్కువ. తల వెనక, చూపు సంకేతాలు మొదట చేరే కార్టెక్స్ వైశాల్యమైతే మామూలు చూపున్న వాళ్ల మధ్యనే రెండు మూడు రెట్లు మారుతుంది. ఒకేలాంటి కవలలకు కూడా మడతలు అచ్చుగుద్దినట్టు ఉండవు. గర్భంలో ముందే ఏర్పడే లోతైన గాడుల్లో పోలిక ఎక్కువ, ఆలస్యంగా వచ్చే చిన్న మడతల్లో తక్కువ. నీ వ్యాసానికి అసలు సరుకు ఇదే. నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

దానికి బదులు ఐన్‌స్టీన్ మీద రెండు పేరాలు! 1955లో ఆయన పోయాక తీసిన మెదడు బరువు 1,230 గ్రాములు, మగవాళ్ల సగటు కన్నా తక్కువే. అందులో ఏదో మడత వింతగా కనిపించిందని మేధస్సును దానికి అంటగడితే ఎలా? వింత లేని మెదడు ఎవరికుంది? ఒక్కరితో ఏ సంబంధమూ తేలదు. మెదడు నిర్మాణానికీ ప్రవర్తనకూ ఉన్న లంకెలు నిలకడగా దొరకాలంటే వేలమంది కావాలని 2022లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ తేల్చింది.

కార్టెక్స్ మందం గురించి రాసేటప్పుడు మరీ జాగ్రత్త. కార్టెక్స్ సగటున రెండున్నర మిల్లీమీటర్లు. మామూలు స్కాన్ బొమ్మలో ఒక్కో గడి దాదాపు ఒక మిల్లీమీటరు, అంటే మందమంతా రెండు మూడు గడులే. స్కానర్‌లో తల కదిలితే కార్టెక్స్ ఉన్నదానికన్నా పలచగా కనిపిస్తుంది. కుదురుగా ఉండలేని పిల్లల కార్టెక్స్ పలచన అని ఎవరైనా రాస్తే, తల కదలికను ఎలా లెక్కలోకి తీసుకున్నారో ముందు వెతుకు. ఆ వివరం చాలాసార్లు పరిశోధన పత్రం చివరి అనుబంధంలో నక్కి ఉంటుంది.

ఐన్‌స్టీన్ పేరాలు తీసెయ్. ఆ జాగా పారాసింగ్యులేట్‌కి ఇవ్వు. ప్రతి బొమ్మ కిందా అది ఒక మనిషి మెదడో, ఎంతమంది సగటో రాయి. ‘మేధావుల మెదడు రహస్యం’ అన్న శీర్షిక సంపాదకుడు పెడితే పెట్టుకోనీ, నువ్వు మాత్రం పెట్టి పంపకు.

ఆశీస్సులతో,
మాస్టారు