లిమిటెడ్ ఎడిషన్ గిటారు కొనబోతున్న మేనల్లుడికి

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఈ ఏడాది బోనస్ డబ్బుతో గిబ్సన్ కంపెనీ లిమిటెడ్ ఎడిషన్ లెస్ పాల్ గిటారును, దానికి తోడుగా మంద్ర స్వరాలు పలికే బేస్ గిటారును, ఫెండర్ వారి జాజ్ బేస్‌ను, కొనాలనుకుంటున్నావని, పదేళ్లు దాచి అమ్మితే స్థలం కొన్నదానికన్నా ఎక్కువ వస్తుందని స్నేహితులు చెబుతున్నారని రాశావు. మన ఊరి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుని, ఆపైన పాతికేళ్లు ఆర్కెస్ట్రాలలో బేస్ వాయించి, ఆ దారిలోనే కొన్ని వాద్యాలను కొని కొన్నింటిని అమ్మినవాణ్ణి గనుక, నాకు తెలిసినదంతా నీ ముందు పెట్టడం నా బాధ్యత. కొనవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. మంచి గిటారు ఇంట్లో ఉండడం ఎంత సంతోషమో నాకు తెలుసు. అయితే నువ్వు సంతోషం కోసం కొంటున్నావా, లాభం కోసం కొంటున్నావా అన్నది డబ్బు కట్టేముందే తేలాలి, ఎందుకంటే ఆ రెండింటికీ చూడవలసిన విషయాలు వేరు.

ముందుగా ‘లిమిటెడ్’ అన్న మాటను అంకెలోకి మార్చుకో. మొత్తం ఎన్ని చేశారో కంపెనీ అచ్చులో చెప్పకపోతే, ఆ మాటకు నువ్వు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వనవసరం లేదు. 1979లో ఫెండర్ కంపెనీ, తన స్ట్రాటోకాస్టర్ అనే గిటారు పుట్టి పాతికేళ్లయిన సందర్భంగా ఒక ప్రత్యేక గిటారును తెచ్చింది. మొదట వేసిన ముత్యపు తెలుపు రంగు పగుళ్లు తీయడంతో దానిని వెండి రంగుకు మార్చారు. పేరుకు వార్షికోత్సవపు గిటారే అయినా అది వేల సంఖ్యలో బయటికి వచ్చింది గనుక, 1950లలో ఏ ఆర్భాటమూ లేకుండా తయారైన మామూలు స్ట్రాటోకాస్టర్ ధరకు ఈనాటికీ దరిదాపుల్లోకి రాలేదు. దానికి భిన్నంగా పీఆర్‌ఎస్ కంపెనీ 1992లో మెడ మీద వేళ్లు నొక్కే ఫలకం పొడవునా డ్రాగన్‌ను పొదిగి చేసిన గిటార్లు యాభై మాత్రమే. ఐబనేజ్ కంపెనీ 1987లో వాద్యకారుడు స్టీవ్ వాయ్ పేరు మీద ఆకుపచ్చ రంగులో తెచ్చినవి 777, వాటిమీద ఆయన సంతకం, వరుస సంఖ్య ఉన్నాయి. లిమిటెడ్ అంటే అటువంటివి. ఒక పెద్ద దుకాణం కోసం ప్రత్యేకంగా వేసిన రంగు, ఆ ఏడాదికి మాత్రమే అని చెప్పే రంగు, ఇవన్నీ లోపల అదే కర్ర, తీగల నాదాన్ని విద్యుత్తుగా మార్చే అవే పికప్‌లు ఉన్న మామూలు గిటార్లే. అమ్మేటప్పుడు వాటికి మామూలు మోడల్ ధరకు కాస్త పైన మాత్రమే పలుకుతుంది.

ఇంకొక సంగతిని నువ్వు నెమ్మదిగా ఆలోచించాలి. ఈరోజు లోకంలో అత్యధిక ధర పలికే గిటార్లలో చాలావాటిని లిమిటెడ్ అని ఎవరూ తయారు చేయలేదు. 1958 నుంచి 1960 దాకా గిబ్సన్ చేసిన సన్‌బర్స్ట్ లెస్ పాల్‌ను అప్పట్లో కొనేవారు తక్కువ. అమ్మకాలు లేకనే కంపెనీ ఆ ఆకారాన్ని మానుకుని 1961లో మరొక ఆకారానికి మారింది. 1958లో అదే కంపెనీ తెచ్చిన, వీ అక్షరం ఆకారపు ఫ్లయింగ్ వీ గిటారు సంగతి మరీ అన్యాయం, మొదటి రెండేళ్లలో వందైనా పోలేదు. ఎవరికీ అక్కరలేక తక్కువగా మిగిలిన ఆ లెస్ పాల్‌లను 1960ల నడుమ ఎరిక్ క్లాప్టన్ వంటి ఇంగ్లండ్ వాద్యకారులు చేతబట్టి, ఆ నాదం జనానికి వినిపించిన తరువాతనే వాటికి ధర వచ్చింది. కొరత ఉన్నంత మాత్రాన విలువ రాదు, ఆ వాద్యం కావాలని మనసు పడే వాద్యకారులు ఉండాలి. కంపెనీ ముందుగా లెక్కవేసి సృష్టించిన కొరతలో కొన్నవాళ్లందరూ నీలాగే పెట్టె తెరవకుండా దాచుకుంటారు గనుక, పదేళ్ల తరువాత అవన్నీ కొత్తవిగానే ఒక్కసారి అంగడికి వస్తాయి. 1982లో జపాన్‌లో మొదలైన, ఫెండర్ వారి స్క్వయర్ గిటార్లు, సీరియల్ నంబరు ‘జేవీ’ అని మొదలయ్యేవి, అప్పట్లో కుర్రవాళ్లు కొనుక్కునే చవక గిటార్లు. చేతిపని బాగున్నందువల్ల వాటిని ఇప్పుడు వెతికి మరీ కొంటున్నారు. నీ డబ్బుతో నేను కొనవలసివస్తే అటువంటి వాటివైపే చూస్తాను.

ఇక నా సొంత అనుభవం. నేను వాయించే రోజుల్లో విశాఖ రేవుకు వచ్చిన ఒక నావికుడి దగ్గర జపాన్‌లో తక్కువ సంఖ్యలో చేసిన ఒక బేస్‌ను కొన్నాను. సిరిమానోత్సవానికి వేదిక మీద కొత్తగా కనిపించాలని, అంచుల్లో పెచ్చులూడిన దాని రంగు గీకించి, కార్లకు రంగులు వేసే షెడ్డులో మళ్లీ వేయించాను. పికప్‌లు గుయ్‌మంటున్నాయని మార్చి పాతవాటిని పారేశాను. చాలా ఏళ్ల తరువాత, మీ వదిన పెళ్లికి డబ్బు అవసరమై అమ్మబోతే, ముంబయి నుంచి వచ్చిన కొనుగోలుదారు వెనుక పలక విప్పి చూసి, నేను ఆశించిన దానిలో సగం కన్నా తక్కువ చెప్పాడు. ఆయన చెప్పింది న్యాయమే. మన ప్రాంతపు అలవాటు నన్ను దారి తప్పించింది. బొబ్బిలి వీణను చూడు, ఒకే పనస దుంగను తొలిచి చేసిన ఆ వీణకు మెట్లు సడలితే మైనం తీసి మళ్లీ కూర్చోబెట్టిస్తాం, అది దాని సేవలో భాగం, దానివల్ల వీణ విలువ పెరుగుతుందే గాని తగ్గదు. ఎలక్ట్రిక్ గిటార్లు సేకరించేవారి పద్ధతి వేరు. మెడ మీది లోహపు మెట్లు, అంటే అరిగిన ఫ్రెట్లను మార్చడం వాళ్లు క్షమిస్తారు గాని, రంగు మార్చడాన్ని క్షమించరు. మళ్లీ రంగు వేసిన పాత గిటారుకూ, తల దగ్గర విరిగి అతికించిన గిబ్సన్‌కూ ధర సగానికి సగం పడిపోతుంది. కనుక పెచ్చు ఊడినా, గీత పడినా అలాగే ఉంచు. ఏదైనా భాగం మార్చక తప్పకపోతే, తీసిన మరమేకుతో సహా ఒక సంచిలో వేసి తేదీ రాసి పెట్టెలో ఉంచు.

పాత గిటారు కొనేటప్పుడు లోపల చూడడం నేర్చుకో. స్వరం, ధ్వని తగ్గించే మీటల కింద ఉండే పాట్‌ల వెనుక ఒక సంఖ్య ముద్రించి ఉంటుంది. ఉదాహరణకు 1376612 అని ఉంటే 137 తయారీదారు సంకేతం, 66 సంవత్సరం, 12 ఆ ఏడాదిలోని వారం. 1962 నాటి బేస్ అని చెప్పి అమ్ముతున్న దానిలో ఈ సంఖ్య కనిపిస్తే, ఆ భాగం తరువాత మార్చినదని నీకే తెలుస్తుంది. టంకం చెక్కు చెదరకుండా ఉందా, ముందువైపు గీతలు పడకుండా బిగించే పిక్‌గార్డ్ కింద అక్కరలేని రంధ్రాలున్నాయా, మెడ ఒంటితో కలిసే మడమ మీద ముద్ర ఉందా చూడు. విప్పి చూపించడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర, ఎంత పరిచయస్థుడైనా, కొనవద్దు.

లిమిటెడ్ ఎడిషన్‌కు కాగితమే సగం ప్రాణం. సర్టిఫికెట్, ట్యాగులు, తాళంచెవులు, అసలు పెట్టె, బిల్లు, ఇవి లేకపోతే నంబరు వేసిన గిటారు కూడా మామూలు గిటారే అయిపోతుంది. ఎరిక్ క్లాప్టన్ వాయించిన నల్ల స్ట్రాటోకాస్టర్ 2004లో 9,59,500 డాలర్లకు వేలంలో పోయింది. 2006లో దానికి నకళ్లుగా ఫెండర్ 275 గిటార్లను, ఒక్కొక్కటి 24,000 డాలర్లకు తెచ్చింది. ఆ 275లో ఒకటి కాగితాలు లేకుండా నీ ముందుకు వస్తే, దానికీ ఎవరో గీకి పాతబరిచిన నల్ల గిటారుకూ తేడా నువ్వు ఎలా చూపిస్తావు? కొన్న రోజే సీరియల్ నంబరును, కర్ర ఈనెలు కనిపించేలా ముందు వెనుక ఫొటోలను తీసి రెండు చోట్ల దాచు. పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ బేస్ 1972లో దొంగల పాలై, యాభై ఏళ్ల తరువాత దొరికి, అది అదేనని నిర్ధారణ అయి ఆయన చేతికి తిరిగి చేరిందని 2024లో చదివినప్పుడు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. గుర్తులు తెలిసిన వాద్యం ఎక్కడికి పోయినా తిరిగి రాగలదు.

మన వాతావరణం గురించి దుకాణంలో ఎవరూ నీకు చెప్పరు గనుక కొంచెం వివరంగా రాస్తాను. గిటారు కర్రకు 45 నుంచి 55 శాతం తేమ సుఖం. వానాకాలంలో మన తీరంలో గాలి తేమ 80 శాతం దాటడం మామూలే, తుపాను రోజుల్లో చెప్పనక్కరలేదు. తితలీ తుపాను 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటినప్పుడు, సిక్కోలులో ఉన్న నా స్నేహితుడి ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేక, గోడకు ఆనించి ఉంచిన గిటారు మెడ వంగి, ఫ్రెట్లకు పచ్చటి చిలుము పట్టింది. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, ఒక చిన్న తేమ మాపకం కొని పెట్టు. పెట్టెను నేల మీద గాని, బయటి గోడకు ఆనించి గాని ఉంచవద్దు, చెదలు మొదట ఆ పెట్టె చెక్కనే తింటాయి. తీగలను పూర్తిగా వదులు చేయవద్దు, మెడ లోపలి కడ్డీ బిగువుకు ఎదురు లేక మెడ వెనక్కి వంగుతుంది, ఒక స్వరం తగ్గిస్తే చాలు. నైట్రోసెల్యులోజ్ లక్క పూసిన గిటార్లకు రబ్బరు స్టాండు తగిలితే లక్క కరిగి అంటుకుపోతుంది. బ్యాటరీతో నడిచే బేస్ అయితే, దాచేముందు బ్యాటరీని తప్పనిసరిగా తీసెయ్. అది కారితే లోపలి సర్క్యూటు పాడవుతుంది, కంపెనీ వేసిన సర్క్యూటు పోయిన బేస్‌కు ధర ఉండదు. నెలకు ఒకసారైనా పెట్టె తెరిచి గాలి తగలనిచ్చి ఒక అరగంట వాయించు.

ఇప్పుడు లెక్క. మూడు లక్షలను బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే పదేళ్లలో ఇంచుమించు ఆరు లక్షలవుతుంది. నీ గిటారు దానికి సాటి రావాలంటే ఆరు లక్షలు నీ చేతికి రావాలి, ప్రకటనలో కనిపిస్తే చాలదు. విదేశం నుంచి తెప్పించినప్పుడు కట్టిన కస్టమ్స్ సుంకం, పన్ను, రవాణా ఖర్చు తరువాత కొనేవాడి దృష్టిలో విలువలోకి రావు. అమ్మిపెట్టినవాడికి కమిషన్ ఇవ్వాలి. గంటస్తంభం దగ్గర నిలబడి లిమిటెడ్ లెస్ పాల్ అమ్ముతానంటే కొనేవాడు మన ఊళ్లో దొరకడు, బెంగళూరుకో ముంబయికో వెళ్లాలి. విదేశానికి అమ్మాలంటే, ఫలకం బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే, 1992 నుంచి ఆ కర్ర మీద ఉన్న అంతర్జాతీయ ఆంక్షల వల్ల అనుమతి పత్రాలు కావాలి. ధర తెలుసుకోవడానికి అమ్మకందారులు అడుగుతున్న ధరలను కాక, నిజంగా అమ్ముడుపోయిన ధరలను చూడు, అవి కూడా కోవిడ్ కాలంలో అందరూ ఇళ్లలో కూర్చుని గిటార్లు కొన్న రెండేళ్లవి పక్కన పెట్టి చూడు. బేస్‌కు కొనేవారు ఇంకా తక్కువ. అదే ఏడాది, అదే కంపెనీ గిటారుకన్నా బేస్ చవకగా దొరకడం ఎప్పటినుంచో ఉన్నదే. 1965 జనవరిలో సీబీఎస్ అనే మరో కంపెనీ చేతికి ఫెండర్ వెళ్లకముందు చేసిన జాజ్ బేస్‌ల వంటివి వేరే లోకం, అవి మన అందుబాటులో లేవు.

అందుచేత, వాయిదాల మీద కొనవద్దు. రెండూ ఒకేసారి కొనవద్దు. లెస్ పాల్ సంగతి ఈ ఏడాదికి వదిలిపెట్టి, బేస్‌ను మాత్రం తీసుకో. నువ్వు చిన్నప్పటినుంచి వాయించాలని ఆశపడింది అదే, దాని ధర పెరగకపోయినా నువ్వు నష్టపోయావని నేను అనుకోను. అడ్వాన్సు కట్టేముందు పాట్‌ల వెనుక సంఖ్యలు, మెడ మడమ, సీరియల్ నంబరు, సర్టిఫికెట్, వీటి ఫొటోలు నాకు పంపించు. అమ్మేవాడు విశాఖలో ఉన్నాడన్నావు గనుక ఆదివారం ఉదయం రైలుకు నేనే వస్తాను. సన్న స్క్రూడ్రైవరు, చేతి దీపం నా దగ్గర ఉన్నాయి. నేను వచ్చేదాకా దానిని ఎవరినీ తుడవనివ్వకు.

ఇట్లు,
నీ మామయ్య