డిజిటల్ ఐడెంటిటీ ఫీల్డ్: ఎథిక్స్ అంటే జాబ్స్ ఉంటాయా?

ప్రశ్న: సార్, నేను సీఎస్‌ఈ ఫైనల్ ఇయర్ అమ్మాయిని. డిజిటల్ ఐడెంటిటీ సిస్టమ్స్‌ని (మనమెవరో ఆన్‌లైన్‌లో రుజువు చేసేవి) ఎథికల్‌గా డిజైన్ చేసే పనిలోకి వెళ్లాలనుంది. ఎథిక్స్ అంటే ఉత్త లెక్చర్లే, జాబ్స్ రావని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చదవమంటారు?

జవాబు: చూడమ్మా, ఎథిక్స్ అని పేరున్న పోస్ట్ కోసమే చూస్తూ కూర్చుంటే మీ ఫ్రెండ్స్ మాటే నిజమవుతుంది. ఈ ఫీల్డ్‌లో ఎథిక్స్ అనేది డేటాబేస్‌లో ఏ కాలమ్ ఉండాలి ఏది అక్కర్లేదు అనే దగ్గరే తేలిపోతుంది, అక్కడ కూర్చునేది ఇంజినీరే, కాబట్టి నువ్వు ఇంజినీర్‌గానే లోపలికి వెళ్లు.

ఒక సైట్‌కి కావాల్సింది ఈ మనిషికి 18 నిండాయా లేదా అన్నదొక్కటే అనుకో. కానీ కార్డ్ మొత్తం స్కాన్ చేసి పంపమంటారు, పుట్టిన తేదీ, అడ్రస్, ఫోటో అన్నీ వాళ్ల సర్వర్‌లో పడుంటాయి, రేపు లీకైతే పాస్‌వర్డ్ మార్చినట్టు పుట్టిన తేదీ మార్చుకోలేం కదా. అవసరమైన ముక్క మాత్రమే చూపించే పద్ధతిని సెలెక్టివ్ డిస్‌క్లోజర్ అంటారు. దీనికోసం ముందు డిజిటల్ సిగ్నేచర్లు (డేటా ఎవరిచ్చారో, మధ్యలో మారలేదో రుజువు చేసేవి) గట్టిగా నేర్చుకో, తర్వాత ఓపెన్‌ఐడీ కనెక్ట్ (ఒక అకౌంట్‌తో వేరే సైట్లలో లాగిన్ అయ్యే పద్ధతి), వెబ్ స్టాండర్డ్స్ పెట్టే సంస్థ డబ్ల్యూ3సీ 2019లో స్టాండర్డ్ చేసిన వెరిఫయబుల్ క్రెడెన్షియల్స్ (అసలువో కాదో చెక్ చేయగల డిజిటల్ సర్టిఫికెట్లు) చదువు. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో ఆర్టికల్ 25 కూడా చూడు, ప్రైవసీని డిజైన్‌లోనే పెట్టాలని చట్టమే అడుగుతోంది, ప్రైవసీ ఇంజినీర్ జాబ్స్‌కి అదొక పెద్ద కారణం.

నేను అసలు చెప్పాలనుకున్నది మాత్రం ఫెయిలయ్యే వాళ్ల గురించి. వేలిముద్ర 99 శాతం మ్యాచ్ అవుతుందంటే డెమోలో చప్పట్లు కొడతారు, అదే 10 లక్షల మందికి పెడితే 10 వేల మంది బయటే నిలబడిపోతారు, వాళ్లలో వేళ్లు అరిగిపోయేలా పనిచేసే కూలీలు, ముసలివాళ్లు ఉంటారు. ముఖం స్కానింగ్ కూడా అంతే, 2019లో అమెరికా ప్రభుత్వ స్టాండర్డ్స్ సంస్థ నిస్ట్ 189 అల్గారిథమ్స్ టెస్ట్ చేస్తే చాలావాటిలో తప్పులు అందరికీ ఒకేలా లేవు, జాతిని బట్టి, వయసుని బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి మారిపోయాయి. స్క్రీన్ మీద ఫెయిల్డ్ అని వచ్చాక ఆ మనిషి ఎవర్ని అడగాలి? ఓటీపీ ఇస్తారా, అక్కడున్న ఆపరేటర్ చూసి ఓకే చేయొచ్చా, లేక ఆరోజు ఇవ్వాల్సింది ఇచ్చేసి వెరిఫికేషన్ తర్వాత చేసుకుంటారా? ఇది ముందే ఆలోచించని సిస్టమ్ ఎంత సెక్యూర్‌గా ఉన్నా నా దృష్టిలో సగం కట్టిన సిస్టమే.

అందుకే ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌గా ఆ 18 నిండాయా చెక్‌నే చెయ్, దాంతోపాటు ఫెయిలైతే ఏం జరగాలో ఫ్లో మొత్తం గీసి, ఫోన్ సరిగా వాడటం రాని నలుగురైదుగురితో ట్రై చేయించి ఎక్కడ ఆగిపోయారో రాసుకో. ఐఏఎం ఇంజినీర్ (ఎవరు లాగిన్ కావచ్చు, ఏం చూడొచ్చు అనేది చూసుకునే పని), ప్రైవసీ ఇంజినీర్ పోస్టులకి అప్లై చేసేటప్పుడు రెజ్యూమేలో దాన్నే పైన పెట్టు.