ఆయన మరచిపోయిన గొడవను నేను గుర్తుచేయాలా?

ప్రశ్న: నా వయసు 26. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పెద్దలు కుదిర్చిన సంబంధంతో గత ఏడాది నాకు నిశ్చితార్థమైంది. ఆ తరువాత మేమిద్దరం బాగా దగ్గరయ్యాం. అయితే ఒకసారి పెద్ద గొడవ జరిగి, ‘ఈ పెళ్లి గురించి మళ్లీ ఆలోచించుకోవాలి’ అని ఆయన నాకు మెసేజ్ పెట్టారు. వారం తిరగకముందే బైక్ ప్రమాదంలో ఆయన తలకు దెబ్బ తగిలి, దాదాపు ఏడాది కాలపు జ్ఞాపకాలు పోయాయి. ఇంట్లోవాళ్లు, ఉద్యోగం గుర్తున్నాయి, నేను గుర్తులేను. ‘నీకు నచ్చిన అమ్మాయే’ అని పెద్దలు చెబితే పెళ్లికి సరేనన్నారు. ఇప్పుడు నాతో సంతోషంగా ఉంటున్నారు. గొడవ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. తమ్ముడితో కలిసి ‘గోల్డెన్ టైమ్’ అనే జపాన్ యానిమే (బొమ్మల సీరియల్) చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. చెబితే ఆయన సంతోషం చెడగొట్టినదాన్ని అవుతానేమో, చెప్పకపోతే మోసం చేసినదాన్ని అవుతానేమో.

సమాధానం: అమ్మా, ఆ సంగతి మీరు ఆయనకు చెప్పాలి. ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదే ఇక్కడ ఆలోచించవలసిన విషయం. తనకు ఈ పెళ్లి మీద ఎన్నడూ సందేహం కలగలేదన్న నమ్మకంతోనే ఆయన ఈ రోజు ఒప్పుకుంటున్నారు. ఆ నమ్మకం నిజం కాదని మీకు తెలిసి, ఆయనకు తెలియనంత కాలం ఆ ఒప్పుకోలులో ఆయన సొంత నిర్ణయం సగమే ఉంటుంది.

మీరు చూసిన కథ 2013 అక్టోబరు నుంచి 2014 మార్చి వరకు 24 భాగాలుగా ప్రసారమైంది. హైస్కూలు చదువు ముగిసిన వెంటనే వంతెన మీద నుంచి పడి గతమంతా మరచిపోయిన బాన్రి, టోక్యోలో లా చదవడానికి వెళ్లి కోకో అనే అమ్మాయిని ప్రేమిస్తాడు. అతని పాత మనసు మాత్రం ఆత్మగా అతని చుట్టూనే తిరుగుతూ ఉంటుంది. పాత స్నేహితురాలు లిండా అదే కాలేజీలో ఎదురైనా, పరిచయం లేనట్టే మెలుగుతుంది. ఆమెది చెడు ఉద్దేశం కాదు, కాని తామిద్దరూ కలిసి ఉన్న పాత ఫోటో దొరికిన రోజున బాన్రి పడిన బాధ గుర్తుచేసుకోండి. తాను మరచిపోయినందుకు అతను ఎవరినీ తప్పుపట్టలేదు. అన్నీ తెలిసిన మనిషి ఎదురుగా ఉండి మౌనంగా ఉన్నందుకు తల్లడిల్లాడు. మీ విషయంలో ఆ ఫోటో స్థానంలో ఫోన్‌లోని మెసేజ్‌లు ఉన్నాయి. పెళ్లయిన రెండేళ్లకు అవి ఆయన కంటపడితే, అప్పుడు ఆయనకు గొడవ కంటే మీ మౌనమే పెద్దదిగా కనిపిస్తుంది.

బాన్రిలా గతం మొత్తం తుడిచిపెట్టుకుపోవడం చాలా అరుదు. దెబ్బకు ముందు కొంత కాలం మాత్రమే చెరిగిపోవడం తల గాయాలలో ఎక్కువగా కనిపించేది. అందులో పాతవి ముందుగా తిరిగి రావచ్చు, ప్రమాదానికి దగ్గరగా ఉన్నవి ఎప్పటికీ రాకపోనూవచ్చు. కాబట్టి ఆయనకే గుర్తువస్తుందిలే అని ఎదురుచూడకండి.

ఇప్పుడు మీ దగ్గర ఆయన పొందుతున్న సంతోషం అబద్ధమని మాత్రం అనుకోకండి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు తీవ్రమైన మతిమరుపు ఉన్నవారికి సంతోషం కలిగించే దృశ్యాలు, దుఃఖం కలిగించే దృశ్యాలు చూపించగా, చూసినది మరచిపోయిన తరువాత కూడా ఆ భావం వారిలో నిలిచి ఉందని 2010లో ప్రకటించారు. మీ పక్కన కూర్చున్నప్పుడు ఆయనకు కలిగే నెమ్మదికి ఆ ఏడాది పరిచయమే మూలం కావచ్చు, కొత్తగా పుట్టిన ఇష్టమూ కావచ్చు. ఏదైనా అది ఆయనదే. అయితే దానిని కాపాడటానికి నిజాన్ని దాచవలసి వస్తే, ఆ సంతోషానికి కాపలా కాసే పని జీవితాంతం మీ ఒక్కరి మీదే పడుతుంది. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదేనని నాకనిపిస్తోంది.

చెప్పే పద్ధతిలో ఒక జాగ్రత్త అవసరం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ 1974లో ఒకే కారు ప్రమాదం దృశ్యాన్ని అందరికీ చూపించి, ప్రశ్నలో ‘తగిలినప్పుడు’ అన్న మాటకు బదులు ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అన్న మాట వాడితే, జనం వేగాన్ని ఎక్కువగా చెప్పడమే కాక, లేని అద్దం పెంకులను కూడా చూశామని మరింత మంది అన్నారు. చూసినవారి జ్ఞాపకమే అలా మారిపోతే, జ్ఞాపకమే లేని మనిషికి మీ మాటే గతమవుతుంది. అందుకే మీ మాటల్లో చెప్పేకంటే, ఆ రోజు మెసేజ్‌లను మీరు కటువుగా అన్న వాటితో సహా ఒక్కటీ తీసేయకుండా చూపించండి. పెద్దలెవరూ లేని చోట, ఆయన అలసిపోని సమయంలో చూపించి, వెంటనే జవాబు అడగకండి. ‘ఇది గుర్తుందా, అది గుర్తుందా’ అని పరీక్షలు పెట్టకండి.

అంతకంటే ముందు, ఆయనకు చికిత్స చేస్తున్న న్యూరాలజిస్టును కలిసి, ఇలాంటి సంగతి ఇప్పుడు చెప్పవచ్చునా అని అడగండి. తలకు దెబ్బ తగిలిన తరువాత కొన్ని నెలల పాటు కోపతాపాలు, నిర్ణయాలు తీసుకునే శక్తి మునుపటిలా ఉండకపోవచ్చు. అవసరమనుకుంటే హైదరాబాద్‌లోని నిమ్స్‌లోనో, బెంగళూరులోని నిమ్హాన్స్‌లోనో క్లినికల్ సైకాలజిస్టు సలహా కూడా తీసుకోండి.

మీరు కూడా ఒక నిర్ణయం తీసుకోవలసి ఉందని మరచిపోకండి. గొడవకు కారణమైన సంగతి ఆయనకు గుర్తులేకపోయినా, మీకు ఉంది. అది తీరనిదైతే, జాలితోనో, ఇచ్చిన మాట కోసమో పెళ్లి పీటల మీద కూర్చోవలసిన అవసరం మీకు లేదు. తీరేదే అయితే, ఈసారి ఇద్దరూ తెలిసి మాట్లాడుకునే అవకాశం వచ్చింది.

ప్రస్తుతం మీ నాన్నగారితో ముహూర్తం గురించి మాత్రమే మాట్లాడండి. డాక్టరు అభిప్రాయం తెలిసేవరకు తేదీ పెట్టుకోవద్దని చెప్పండి. ఆ కారణం ఇరుపక్షాలకూ గౌరవంగానే ఉంటుంది. గొడవ సంగతి పెద్దలకు చెప్పాలా వద్దా అన్నది, ఆయనకు తెలిసిన తరువాత మీరిద్దరూ కలిసి నిర్ణయించుకోండి.