ఖాళీ టైంలో పిల్లలకి ఫ్రీగా చదువు చెప్తే మనకేంటి లాభం?

డబ్బులైతే రావు, సర్టిఫికెట్ కోసం వస్తే రెండు వారాల్లో బోర్ కొట్టి మానేస్తారు. నేను వైజాగ్‌లో పెదజాలారిపేట అనే మత్స్యకారుల పేట దగ్గర శని, ఆదివారాలు సాయంత్రం లెక్కలు చెప్తాను, ఓసారి తీసివేతలో పక్కంకె దగ్గర అప్పు తెచ్చుకోవాలిరా అంటే ఒక బుడ్డోడు "మరి ఆ అప్పు ఎప్పుడు తీరుస్తాం సార్" అన్నాడు, ఇంజినీరింగ్ చదివాను గానీ నా దగ్గర ఆన్సర్ లేదు! మర్నాడు పది నోటు ఒకటి రూపాయి బిళ్లలకి మార్చి చూపిస్తే, అది అప్పు కాదు చిల్లర మార్చడమే అని వాడికీ నాకూ ఒకేసారి వెలిగింది. ఇంకొకరికి చెప్పాలని చదివితే మనకే బాగా ఎక్కుతుంది, సైకాలజీలో దీన్ని ప్రొటెజే ఎఫెక్ట్ అంటారు. ఇంటర్వ్యూల్లో తడబడకపోవడం కూడా నాకు అక్కడే అలవాటైంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో బోట్లతో వేట నిషేధం కదా, అప్పుడు నాన్నలు ఇళ్ల దగ్గరే ఉంటారు, ఒకాయన క్లాసు ఉన్నప్పుడల్లా గుమ్మంలో నిలబడి కొడుకు ఎక్కాలు అప్పజెప్తుంటే వినేవాడు, ఏం మాట్లాడేవాడు కాదు, ఆ మొహం చూస్తే వారమంతా ఆఫీసు చిరాకు పోయేది. వేట మొదలయ్యాక చేపలిస్తారు, వద్దన్నా ఊరుకోరు. వారానికి రెండు గంటలు చాలు, కానీ మధ్యలో మానేస్తే పిల్లలు బాగా ఫీలవుతారు, అదొక్కటి చూసుకుని మొదలెట్టండి.