పాత షేర్‌వేర్ డిస్కుల కేటలాగులో వెతకడం గురించి మాధవికి

హైదరాబాదు

చిరంజీవి మాధవికి,

ఆశీస్సులు. గ్రంథాలయశాస్త్రం కోర్సులో నీ ప్రాజెక్టు కోసం పీసీ-సిగ్ వారి షేర్‌వేర్ (ముందు వాడి చూసి, నచ్చితే డబ్బు పంపే సాఫ్ట్‌వేర్) సీడీ ఐఎస్ఓ ఫైలు, అంటే ఆ సీడీ మొత్తానికీ నకలైన ఫైలు, సంపాదించావనీ, దాని మెనూ ప్రోగ్రాములో ఇంటి జమాఖర్చుల సాఫ్ట్‌వేర్ కోసం ఎంత వెతికినా నాలుగైదు పేర్లకు మించి దొరకడం లేదనీ రాశావు. అంత పెద్ద సేకరణలో అవి అంత తక్కువగా ఉండే అవకాశం లేదు. అవన్నీ అక్కడే, నీవు టైపు చేయని మాటల కింద ఉన్నాయని నా నమ్మకం. కనుక అడిగిన ఆ ఒక్క సందేహానికే కాక, ఇటువంటి కేటలాగును మొదటి నుంచి చివరి దాకా ఎలా వాడుకోవాలో కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ కేటలాగు ఎవరి కోసం తయారైందో తెలుసుకో. పీసీ-సిగ్ 1980లలో కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నుంచి నడిచిన సంస్థ. ఐబీఎం పీసీ కోసం విడివిడి రచయితలు రాసిన ప్రోగ్రాములను సేకరించి, ఒక్కొక్క ఫ్లాపీకి ఒక్కొక్క సంఖ్య ఇచ్చి, కేటలాగు చూసి కోరినవారికి అమ్మేది. ఆనాటి 5.25 అంగుళాల ఫ్లాపీలో పట్టేది 360 కిలోబైట్లు. సీడీలో సుమారు 650 మెగాబైట్లు పడతాయి కాబట్టి, అటువంటి ఫ్లాపీలు 1,800కు పైగా ఒక్క సీడీలో ఇమిడిపోతాయి. అంత సరుకును ఒక్కొక్కటిగా తిరగేయడం ఎవరి తరమూ కాదు గనుకనే మెనూ ప్రోగ్రాము అవసరమైంది. అయితే ఇటువంటి మెనూ సాధారణంగా ప్రోగ్రాముల లోపలికి వెళ్లి వెతకదు. ప్రతి ఫ్లాపీ గురించి కేటలాగు కూర్చినవారు రాసిపెట్టిన శీర్షికలోనూ, వివరణలోనూ, ఫైళ్ల పేర్లలోనూ వెతుకుతుంది. వారు వాడని మాటను నీవు ఎన్నిసార్లు అడిగినా అది ఖాళీ తెరనే చూపిస్తుంది.

వెతుకులాటకు ముందు చేసుకోవలసిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. డాస్‌బాక్స్‌లో (పాత పీసీల డాస్ వ్యవస్థను ఈనాటి కంప్యూటరులో అనుకరించే ప్రోగ్రాము) ఐఎంజీమౌంట్ ఆదేశంతో ఆ ఐఎస్ఓ ఫైలును డి డ్రైవుగా పెట్టు. సి డ్రైవుగా మాత్రం కొత్తగా సృష్టించిన ఖాళీ ఫోల్డరు ఒక్కదానినే ఇవ్వు. నీ చదువు కాగితాలున్న ఫోల్డరును ఎంతమాత్రం ఇవ్వవద్దు. ఆ కాలంలో చేతులు మారిన ఫ్లాపీలలో వైరస్‌లు ఉండేవి, డాస్‌బాక్స్‌లో నడిచే ప్రోగ్రాము నీవు అప్పగించిన ఫోల్డరులో దేనినైనా చెరిపివేయగలదు. మెనూ ప్రోగ్రాములు కొన్ని తమ అమరికలనూ తాత్కాలిక ఫైళ్లనూ తామున్న చోటే రాసుకోవాలని చూస్తాయి, సీడీ మీద రాయడం కుదరదు గనుక నిలిచిపోతాయి. అటువంటప్పుడు మెనూకు సంబంధించిన ఫైళ్లను సి డ్రైవులోకి కాపీ చేసి, అక్కడి నుంచి నడిపి, సీడీ ఏ డ్రైవులో ఉందని అడిగితే డి అని చెప్పాలి. మొదలవుతూనే రన్‌టైమ్ ఎర్రర్ 200 అని చూపి ఆగిపోతే సీడీ పాడైందని అనుకోవద్దు. టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనంతో తయారైన పాత ప్రోగ్రాములలో చాలావాటికి కంప్యూటరు వేగాన్ని ఆరంభంలోనే కొలిచే అలవాటు ఉంది. యంత్రం మరీ వేగంగా ఉంటే ఆ లెక్క వాటికి కేటాయించిన చోట పట్టక ఆగిపోతాయి. కంట్రోల్, ఎఫ్11 మీటలు కలిపి నొక్కుతూ డాస్‌బాక్స్ వేగాన్ని తగ్గిస్తే సర్దుకుంటుంది.

ఇక అసలు విషయం. మెనూ తెరవగానే నేరుగా సెర్చ్ అంశం మీదికి వెళ్లవద్దు. మొదట వర్గాల జాబితా తెరిచి, నీకు కావలసిన అంశానికి దగ్గరగా ఉన్న రెండు మూడు వర్గాలలోకి వెళ్లి, ఒక పూట పూర్తిగా ఆ వివరణలు చదవడానికే కేటాయించు. చదువుతున్నప్పుడు పక్కన కాగితం పెట్టుకుని, మళ్లీ మళ్లీ కనిపించే మాటలను రాసుకో. నీవు హౌస్‌హోల్డ్ అకౌంట్స్ అని వెతికినట్లు రాశావు. అమెరికా కుటుంబంలో ఇంటి లెక్క అంటే ప్రధానంగా రాసిచ్చిన చెక్కుల లెక్క; నెలాఖరున బ్యాంకు పంపే స్టేట్‌మెంటుతో తమ చెక్కుల పుస్తకాన్ని సరిచూసుకోవడం వారికి పెద్ద పని. అందువల్ల అక్కడి ప్రోగ్రాముల వివరణలలో చెక్‌బుక్, బడ్జెట్, లెడ్జర్, పర్సనల్ ఫైనాన్స్, లోన్, హోమ్ ఇన్వెంటరీ వంటి మాటలు నీకు ఎదురవుతాయి. పాలవారి లెక్క, చీటీల లెక్క, పండుగ ఖర్చు అని ఆలోచించే మన బుర్రకు ఆ మాటలు వాటంతట అవి తట్టవు. కేటలాగు చదివి నేర్చుకోవలసిందే.

వర్ణక్రమం విషయంలోనూ మన చదువు మనకు అడ్డం వస్తుంది. మనం బడిలో నేర్చుకున్నది ఇంగ్లండు పద్ధతి. బ్యాంకు చెక్కును మనం చివర క్యూ, యు, ఇ అక్షరాలతో రాస్తే వారు సి, కె అక్షరాలతో రాస్తారు; కలర్ అనే మాటలో మనం రాసే యు అక్షరం వారి రాతలో ఉండదు; కేటలాగు వారికి జి అక్షరంతోనే ముగుస్తుంది. మెనూ ప్రోగ్రాము అక్షరాన్ని అక్షరంతో పోల్చి చూస్తుందే తప్ప మన ఉద్దేశాన్ని గ్రహించదు. కాబట్టి మాట మొత్తం కాక, రెండు పద్ధతులలోనూ మారని మొదటి భాగాన్ని మాత్రమే టైపు చేయడం మేలు. కేటలాగు అనే మాటను జి వరకే ఇస్తే రెండు రాతలూ దొరుకుతాయి. బడ్జెట్ అని ఇస్తే బడ్జెటింగ్ అన్నదీ వస్తుంది. మరీ కురచ చేస్తే చెత్త కూడా వచ్చి పడుతుంది. ఉత్త చెక్ అని అడిగితే స్పెల్లింగ్ తప్పులు చూసేవీ, డిస్కు తనిఖీ చేసేవీ కుప్పలుగా వస్తాయి గనుక అక్కడ చెక్‌బుక్ అనే పూర్తి మాటే సరైనది.

అయితే నీ మెనూ మాటలో ఒక ముక్కను గుర్తిస్తుందా, లేక పూర్తి మాటనే కోరుతుందా అన్నది ముందే పరీక్షించి తేల్చుకోవాలి. ఏదో ఒక వర్గంలో నీ కళ్లతో చదివిన వివరణ నుంచి ఒక పొడవైన మాట తీసుకుని, దాని మొదటి నాలుగు అక్షరాలతో వెతుకు. ఆ డిస్కు ఫలితాలలో వస్తే ముక్కతో పని జరుగుతుందన్నమాట. అదే విధంగా పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా చూపుతుందేమో, రెండు మాటలిస్తే రెండూ పక్కపక్కనే ఉండాలని పట్టుబడుతుందేమో చూసుకో. జవాబు ముందే తెలిసిన ప్రశ్నతో ఈ పరీక్ష చేయకుండా, ఫలానాది ఈ సేకరణలో లేదని నీ నివేదికలో రాయడం సరికాదు. ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే నీ నివేదిక చదివినవారు ఆ సీడీని మళ్లీ తెరవరు.

ఫైలు పేరుతో వెతకవలసి వస్తే, డాస్‌లో పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తరువాత మూడు అక్షరాలు మాత్రమే ఉంటాయని గుర్తుంచుకో. రచయితలు అందులోనే వెర్షన్ సంఖ్యను కూడా ఇరికించేవారు. ఫైళ్లను కుదించే పీకేజిప్ ప్రోగ్రాము 2.04జి వెర్షన్ 1993లో పీకేజెడ్204జి అనే పేరుతో వచ్చింది. సంఖ్యతో సహా వెతికితే వేరే వెర్షన్ ఉన్న డిస్కు తప్పిపోతుంది. మొదటి మూడు అక్షరాలు చాలు.

ఫలితం కనిపించగానే డిస్కు సంఖ్య రాసుకో. దాని వెంట శీర్షిక, వెర్షన్, ఫైలు పరిమాణం, తేదీ, ఏ మాటతో వెతికితే అది దొరికిందో కూడా రాయి. ఎస్కేప్ నొక్కి వెనక్కి వస్తే ఫలితాల జాబితా పోయే మెనూలే ఎక్కువ. కంట్రోల్, ఎఫ్5 నొక్కితే డాస్‌బాక్స్ తెరను బొమ్మగా దాచిపెడుతుంది, కానీ అది చేతిరాతకు తోడుగా ఉండాలే తప్ప బదులుగా కాదు. పెద్ద ప్రోగ్రాములు రెండు మూడు ఫ్లాపీలలో ఉండేవి కనుక, వివరణలో ఇంకొక డిస్కు ప్రస్తావన ఉంటే ఆ సంఖ్యనూ చేర్చు. తేదీలను గుడ్డిగా నమ్మవద్దు. 1980 జనవరి 1 అని చూపే ఫైలు ఆ రోజు పుట్టినది కాదు. ఐబీఎం పీసీ వచ్చిందే 1981 ఆగస్టులో. గడియారం సరిచేయని యంత్రంలో డాస్ తనంతట తాను వేసుకునే తేదీ అది.

తరువాత మెనూ నుంచి బయటికి వచ్చి, ఆ డిస్కు డైరెక్టరీలోకి వెళ్లి స్వయంగా చూడు. పీసీ-సిగ్ డిస్కులలో సాధారణంగా గో అని టైపు చేస్తే ఎలా మొదలుపెట్టాలో చెప్పే సూచనలు వస్తాయి. వివరణకూ లోపలి సరుకుకూ వెర్షన్ తేడా ఉంటే, లోపల ఉన్నదే నీ నివేదికలోకి వెళ్లాలి. ఫైళ్లు జిప్ రూపంలో ఉండి వాటిని విప్పే పాత ప్రోగ్రాము పీకేఅన్‌జిప్ 1.10 వాటిని తెరవలేకపోతే, అవి పీకేజిప్ 2.04 వెర్షన్ నాటి కొత్త పద్ధతిలో కుదించినవి కావచ్చు. దానికి తగిన కొత్త అన్‌జిప్ వాడు.

చివరగా హక్కుల సంగతి. షేర్‌వేర్ అంటే వాడి చూసి, నచ్చితే రచయితకు డబ్బు పంపమన్న ఒప్పందం. 1980ల తొలినాళ్లలో ఫోను తీగ మీద కంప్యూటర్లను కలిపే పీసీ-టాక్ రాసిన ఆండ్రూ ఫ్లూగెల్‌మన్, సమాచారం భద్రపరిచే పీసీ-ఫైల్ రాసిన జిమ్ నాఫ్ తమ ప్రోగ్రాములను ముందే చేతిలో పెట్టి, వాడేవారి నిజాయితీ మీద ఆధారపడ్డారు. అటువంటి రచనల మీద హక్కులు వారు వదులుకోలేదు. ప్రతి ప్రోగ్రాము వెంట ఉన్న అనుమతి పత్రం చదివి, రచయిత పేరు, కోరిన రుసుము, పంచుకోవడానికి పెట్టిన షరతులు నీ పట్టికలో ఒక గడిగా చేర్చు. అందులోని చిరునామాలు ముప్పై ఏళ్ల నాటివి గనుక వాటికి డబ్బు పంపవద్దు. హక్కులు వదిలేసినట్లు రచయితే రాసిన ప్రోగ్రాములను వేరే గుర్తుతో చూపించు.

వర్గాలు చదివి మాటల జాబితా తయారు కాగానే, వెతకడం మొదలుపెట్టక ముందే అది నాకు పంపు. చూసి, నాకు తోచిన మాటలు చేర్చి రెండు రోజులలో తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న